హాబీల గడిలో ఏం రాయాలి, మేస్టారూ?

ప్రశ్న: మేస్టారూ, నమస్కారం. మాది జలుమూరు మండలంలో ఒక పల్లెటూరు. బీఈడీ అయ్యాక ఒక ప్రైవేటు స్కూల్లో సోషల్ చెప్పాను. వేసవి జీతాలు ఇవ్వకపోవడంతో ఏప్రిల్‌లో మానేశాను. శ్రీకాకుళంలో ఇంకో స్కూలు వాళ్ల ఫారంలో ‘వ్యక్తిగత లక్ష్యాలు, హాబీలు, మీరు నమ్మే విలువలు’ రాయమన్నారు. ఆ గళ్లు ఇంకా ఖాళీగానే ఉన్నాయి. మా నాన్నమ్మ పాడే ఊడుపు పాటలు నోట్‌బుక్‌లో రాసుకోవడం నాకిష్టం. స్కూటీ నేర్చుకోవాలనీ ఉంది. ఇంట్లో మాత్రం డీఎస్సీ తప్ప ఇంకో మాట లేదు. సోమవారాలు ముఖలింగం గుడికి వెళ్లేదాన్ని. ఇప్పుడు దేవుణ్ణి ఉద్యోగం తప్ప ఇంకేమీ అడగలేకపోతున్నాను, గుడిలో కనిపించినవాళ్లూ నన్ను అదే అడుగుతున్నారు. అందుకని వెళ్లడం మానేశాను. చాలా టెన్షన్‌గా ఉంది. ఏం చేయమంటారు?

– ఒక కొత్త టీచరు, శ్రీకాకుళం జిల్లా

జవాబు: అమ్మా, ముందు ఆ నోట్‌బుక్ బయటికి తియ్యి. నేనూ సోషల్ మేస్టారునే. విజయనగరం జిల్లా హైస్కూళ్లలోనే నా సర్వీసంతా గడిచింది. అలాంటి నోట్‌బుక్ ఉన్న టీచరు మా స్టాఫ్‌రూముల్లో ఒక్కరూ కనిపించలేదు. హాబీల గడిలో ‘మా ఊరి ఆడవాళ్లు ఊడుపుల్లో పాడే పాటలు రాసి ఉంచడం’ అని రాయి. ఇంటర్వ్యూలో అడిగితే ఒకటి పాడి వినిపించు.

మీ ముఖలింగం దగ్గర పర్వతాలపేటలో 1863లో పుట్టిన గిడుగు రామమూర్తి గారి పేరు మీద ఆగస్టు 29న స్కూల్లో తెలుగు భాషా దినోత్సవం చేయించే ఉంటావు. ఆ రోజు స్టేజీ మీద చెప్పేవాటికంటే ఆయన ఉద్యోగం సంగతి నీకు ఎక్కువ పనికొస్తుంది. చిన్నప్పుడే తండ్రి పోయారు. 1880లో పర్లాకిమిడిలో ముప్పై రూపాయల జీతానికి చరిత్ర చెప్పడానికి చేరారు. ఉద్యోగం చేస్తూనే 1886లో ఎఫ్‌ఏ (ఇప్పటి ఇంటర్ లాంటిది), 1896లో బీఏ పాసయ్యారు. అంటే పరీక్షల బాధ ఆయనకీ ఏళ్ల తరబడి ఉంది. అయినా మీ ముఖలింగం గుళ్లలోని శాసనాలు చదవడం సొంతంగా నేర్చుకున్నారు. అక్కడి గిరిజనులైన సవరల భాష వచ్చిన మనిషిని ఇంట్లో పెట్టుకుని ఆ భాష నేర్చుకున్నారు. తర్వాత సవర పిల్లల కోసం వాళ్ల భాషలోనే పుస్తకాలు రాసి, సొంత డబ్బుతో బడులు నడిపారు. ఇదంతా చేయమని ఆయనకు ఏ పరీక్షా చెప్పలేదు.

మీ ఇంట్లోవాళ్ల భయం నాకు అర్థమవుతుంది. కానీ నోటిఫికేషన్ ఎప్పుడొస్తుందో మన చేతిలో లేదు. 2018 డీఎస్సీ తర్వాత మెగా డీఎస్సీ జరిగింది 2025లో. ఆ మధ్య ఏళ్లన్నీ పాట, ఆట, స్నేహాలు ఆపుకుని గదిలో కూర్చున్న పిల్లలు నా దగ్గరికి వచ్చేవారు. ఉద్యోగం రానివాళ్ల సంగతి సరే, వచ్చినవాళ్లలో కూడా కొందరు బిట్ బ్యాంకు పక్కన పెడితే పిల్లలతో ఏం మాట్లాడాలో తెలియక ఇబ్బంది పడ్డారు. నీకు అలా కాకూడదని నా కోరిక.

చదువు మానమనడం లేదు. డీఎస్సీలో రాత పరీక్షకు 80 శాతం, టీచర్ల అర్హత పరీక్ష టెట్‌కు 20 శాతం వెయిటేజీ ఉన్నప్పుడు టెట్ స్కోరు తక్కువైతే మళ్లీ రాసి పెంచుకో. ఒకసారి క్వాలిఫై అయితే అది జీవితాంతం చెల్లుతుంది. తెల్లవారుజామున చదువు, మధ్యాహ్నం ప్రాక్టీసు పేపర్లు. దీపాలు పెట్టాక మాత్రం నాన్నమ్మ దగ్గర కూర్చో. ఈ పద్ధతి కాగితం మీద రాసి మీ నాన్నగారికి చూపించు.

పాట పాడినట్టే రాయి, యాస దిద్దకు. ఎవరు పాడారు, ఏ ఊరు, ఏ పని చేస్తూ పాడేవారు, ఏ తేదీన విన్నావు, ఇవన్నీ పక్కనే ఉండాలి. అడిగి ఫోన్‌లో రికార్డు చేసుకో. చరణం మధ్యలో మర్చిపోతే ఆ చోటు ఖాళీగా వదిలి ఇంకో ముసలమ్మను అడుగు. నాన్నమ్మ ఆరోగ్యంగా ఉన్నప్పుడే ఇది జరగాలి తల్లీ. డీఎస్సీ ఇంకోసారి వస్తుంది. ఆవిడ గొంతు మళ్లీ దొరకదు.

గుడి మానొద్దు. ఉద్యోగం ఇప్పించమని దేవుణ్ణి అడగడం తప్పేమీ కాదు. మా అమ్మ నా పోస్టింగ్ కోసం పైడితల్లమ్మకు మొక్కుకుంది. నీ నోటికి ఆ ఒక్క కోరికే వస్తోందని బాధపడుతున్నావు కదా, ఈ సోమవారం నువ్వు వదిలి వచ్చిన క్లాసు పిల్లలను పేరుపేరునా తలుచుకో. ఫీజు కట్టలేక బయట నిలబడ్డవాడు, అట్లాసు లేక పక్కవాడి దాంట్లో చూసేది, అందరూ గుర్తొస్తారు. వాళ్ల కోసం అడుగు. నీ కోరిక ఆ తర్వాత చెప్పుకో. మనుషుల ప్రశ్నలు తప్పించుకోవాలంటే పొద్దున్నే, గుడి తలుపులు తీసే వేళకు వెళ్లు. వంశధార ఒడ్డున కాసేపు కూర్చుని రా. ఫారంలో భక్తి గురించి రాయాలని లేదు, వాళ్లు అడిగింది విలువలు. రేపు నీ క్లాసులో చర్చికి వెళ్లే పిల్లలూ, మసీదుకు వెళ్లే పిల్లలూ ఉంటారు. ‘ఏ పిల్లనీ, పిల్లాణ్ణీ ఫీజు పేరుతో క్లాసులో నిలబెట్టను’ అని రాయి. అది నువ్వు నిజంగా నమ్మితేనే రాయి.

లక్ష్యాలు రెండు చాలు. అర్ధ సంవత్సరం పరీక్షల్లోపు ప్రతి పిల్లా తన ఊరి చరిత్ర ఒక పేజీ రాయాలన్నది ఒకటి. రెండోది స్కూటీ. ముందు ఎల్‌ఎల్‌ఆర్ తీసుకో. బస్సు టైముకు కట్టుబడక్కర్లేకపోతే సాయంత్రం వేరే ఊళ్లకు వెళ్లి కూడా పాటలు రాసుకోగలవు.

ఇంకో మాట. పాత స్కూలు నుంచి ఎక్స్‌పీరియన్స్ సర్టిఫికెట్ లెటర్‌హెడ్ మీద, సంతకం, స్టాంపుతో తీసుకో. కొత్త స్కూల్లో ఒరిజినల్స్ చూపించి వెంటనే వెనక్కి తెచ్చుకో, జెరాక్సులే ఇవ్వు. మే నెల జీతం ఉంటుందా అని చేరేముందే అడిగి, ఆర్డరులో రాయించుకో.