బయాప్సీ రిపోర్టులో ‘పాజిటివ్’ అని ఉంటే క్యాన్సర్ అనేనా?

రాయగడ నుంచి అడిగినవారికి: మీ చెల్లెలి కింది దవడ బయాప్సీ రిపోర్టులో ‘అమెలోబ్లాస్టోమా, సైటోకెరాటిన్ 19 పాజిటివ్, కాల్రెటినిన్ పాజిటివ్’ అని ఉందని, ఇది క్యాన్సరేనా అని అడిగారు. అమెలోబ్లాస్టోమా సాధారణంగా క్యాన్సర్ కాని దవడ గడ్డ. మిగతా రెండూ కణాల్లో ఉండే ప్రొటీన్ల పేర్లు. ఆ ‘పాజిటివ్’ను బట్టి క్యాన్సర్ అనుకోనక్కరలేదు. నేను డాక్టరును కాను. మాది పర్లాకిమిడి. మా తమ్ముడికి ఇదే గడ్డ వచ్చినప్పుడు బరంపురం, విశాఖ తిరిగి తెలుసుకున్నది చెబుతున్నాను.

వాడి దవడ నొప్పి లేకుండానే వాచింది. జ్ఞానదంతం వల్లనని పన్ను పీకారు. గుంట మానలేదు. చివరికి బయాప్సీ చేసి, రిపోర్టు కౌంటరులోంచి చేతికిచ్చారు. వివరించిన నాథుడు లేడు. కరోనా రోజుల నుంచి మా అమ్మకు పాజిటివ్ అంటే ఒకటే అర్థం. అక్కడే బెంచీ మీద కూలబడింది.

విశాఖలో ఒక పెథాలజీ డాక్టరమ్మ నన్ను కూడా మైక్రోస్కోపులో చూడనిచ్చారు. లేత నీలం మీద ఇటుకపొడి చల్లినట్టు గోధుమరంగు. ఆ రంగు పట్టిన కణాల్లో ఫలానా ప్రొటీను ఉందని అర్థం, అంతే. అది ఇంటిపేరు లాంటిది. మనిషి మంచివాడో చెడ్డవాడో చెప్పదు.

ఆ ఇంటిపేరు ఎక్కడిదంటే, తల్లి కడుపులో ఆరో వారానికే బిడ్డ నోటి పైపొర మందమై దవడలోకి దిగుతుంది. పింగాణీ, అంటే ఎనామిల్, దాని వాటా. కింద ఉన్న మరో జాతి కణాలు, మెదడు, వెన్నుపాముగా మారే గొట్టం అంచుల నుంచి వలస వచ్చినవి, డెంటిన్‌ను, పంటి గుజ్జును తయారుచేస్తాయి. పెళ్లి మాటల్లాగా ఇరువైపులా కబుర్లు నడిస్తేనే పన్ను. డెంటిన్ పడ్డాకే ఎనామిల్ పడుతుంది. పని ముగిశాక పైపొర తునకలు కొన్ని దవడలో మిగిలిపోతాయి. అమెలోబ్లాస్టోమా ఈ పైపొర వంశానిదే. పేరుకు ఎనామిల్ చేసే కణం. కానీ అవతలి పక్షం లేదు కనుక ఎనామిల్ చేయదు. రెండు పక్షాలూ కలిసే ఒడొంటోమా అనే మరో గడ్డలో మాత్రం ఒక్కోసారి బుల్లి పళ్లే దొరుకుతాయి!

సైటోకెరాటిన్ 19 మామూలు పంటి తిత్తుల్లోనూ కనిపిస్తుంది. కాల్రెటినిన్ కొంత మెరుగైన ఆధారమే కానీ అదొక్కటే చాలదు. కణాల అమరిక చూసే పేరు పెడతారు.

క్యాన్సర్ కాదు కదా అని తేలిగ్గా తీసుకోకండి. ఈ గడ్డ ఎముకను తినేస్తుంది, పైపైన గీకి వదిలితే చాలాసార్లు మళ్లీ వస్తుంది. చుట్టూ కొంత మంచి ఎముకతో సహా తీయడం సాధారణం, ఆపైన ఏళ్ల తరబడి పరీక్షలు తప్పవు. బ్రాఫ్ వి600ఇ పరీక్ష గురించి కూడా అడగండి. కింది దవడ గడ్డల్లో ఎక్కువగా కనిపించే ఈ జన్యుమార్పు 2014లో బయటపడింది. ఆపరేషన్ కష్టమైన కొందరికి దీన్ని అడ్డుకునే మందులు వాడి చూస్తున్నారు.

రెండో అభిప్రాయానికి కాగితంతో సరిపెట్టకుండా స్లైడులు, గడ్డ ముక్కను పొదిగిన మైనపు బ్లాకులు అడిగి తీసుకోండి. ఒక్కో బ్లాకు అగ్గిపెట్టె కన్నా చిన్నది. మే నెల ఎండకు కరుగుతాయేమోనని మా అమ్మ ఆ బ్లాకులను బస్సులో దారి పొడవునా ఒళ్లోనే పెట్టుకుంది.