కవరు మీద తేదీ లేకపోతే ఓటు చెల్లదా?

ప్రశ్న: మా అబ్బాయి పెన్సిల్వేనియాలో ఉంటాడు. అమెరికా పౌరసత్వం వచ్చాక 2024లో మొదటిసారి ఓటేశాడు, పోస్టులో. కవరు మీద సంతకం పెట్టాడు, టైముకు చేరింది కూడా. తేదీ వేయలేదని ఆ ఓటు లెక్కపెట్టలేదట. దీని మీద అక్కడ రెండు పార్టీలూ ఏళ్ల తరబడి కోర్టుల్లో కొట్లాడుకుంటున్నాయంటాడు. నిజమేనా అండీ?
– ఒక తల్లి, కాకినాడ

జవాబు: నిజమేనమ్మా. రెవెన్యూలో ఉన్న రోజుల్లో పోస్టల్ బ్యాలెట్ టేబుల్ దగ్గర చాలాసార్లు కూర్చున్నవాణ్ని, ఈ కవర్ల గోల నాకు కొత్త కాదు. మన దగ్గర 13సి పెద్ద కవరు, అందులో 13ఎ డిక్లరేషన్, 13బి చిన్న కవరు, దాన్లో బ్యాలెట్. డిక్లరేషన్ మీద సంతకం లేకపోతే చిన్న కవరు విప్పకుండానే పక్కన పెట్టేస్తాం. లోపల ఓటు ఎవరికి పడిందో తెలియదు. తెలియకపోయినా ఏజెంట్లు మాత్రం అది తమదేనన్నట్టు పోట్లాడతారు!

పెన్సిల్వేనియాలోనూ రెండు కవర్లే. పై కవరు మీద సంతకం, తేదీ ఉండాలి. కారణం చెప్పకుండానే ఎవరైనా పోస్టులో ఓటేయవచ్చని 2019లో చట్టం తెచ్చింది రిపబ్లికన్ల మెజారిటీ ఉన్న సభే, సంతకం చేసింది డెమోక్రాట్ గవర్నర్ టామ్ వుల్ఫ్. 2020లో కోవిడ్ వచ్చింది. డెమోక్రాట్లు ఎక్కువగా పోస్టులో వేశారు, ట్రంప్ ఆ ఓట్లనే తప్పుపట్టారు. అంతే, సీను మారిపోయింది. సభలో ఈ చట్టానికి ఓటేసిన రిపబ్లికన్లలో కొందరే దాన్ని కొట్టేయమని కోర్టుకెక్కారు. 2022 ఆగస్టులో రాష్ట్ర సుప్రీంకోర్టు చట్టాన్ని నిలబెట్టింది.

ఇక తేదీ సంగతి. అక్కడ జడ్జిలను కూడా జనమే ఎన్నుకుంటారు. 2021లో లీహై కౌంటీ జడ్జి పదవికి రిపబ్లికన్ 71 ఓట్ల ముందున్నారు. తేదీ లేని కవర్లు 257 మిగిలాయి. 2022 మేలో ఫెడరల్ అప్పీలు కోర్టు వాటిని లెక్కించమంది. లెక్కిస్తే డెమోక్రాట్ 5 ఓట్లతో గెలిచారు. ఆ అక్టోబరులో అమెరికా సుప్రీంకోర్టు అప్పీలు కోర్టు తీర్పును రద్దు చేసింది, పదవి మాత్రం పోలేదు. 2024 మార్చిలో అదే అప్పీలు కోర్టు తేదీ లేని ఓట్లను తిరస్కరిస్తే పౌరహక్కుల చట్టాన్ని ఉల్లంఘించినట్టు కాదంది. 2025 ఆగస్టులో మళ్లీ ఆ కోర్టే, ఇలా తిరస్కరించడం రాజ్యాంగ విరుద్ధమంది. మీవాడి ఓటు ఈ రెండు తీర్పుల మధ్యన పడింది పాపం.

చట్టంలో ఉన్నది పాటించాల్సిందే అని రిపబ్లికన్ల వాదన. ఆ తేదీతో ఎవరికీ పనిలేనప్పుడు ఓటెందుకు పోవాలి అని డెమోక్రాట్ల వాదన. నాకు రెండోదే సబబు అనిపిస్తుంది. కవరు ఎప్పుడు అందిందో కౌంటీ ఆఫీసు ఎలాగూ నమోదు చేసుకుంటుంది. పొరపాటున పుట్టినరోజు రాసినవాళ్ల ఓట్లు కూడా పోయాయి. అయితే పోస్టు ఓట్లు తమవాళ్లవే ఎక్కువ కాకపోతే డెమోక్రాట్లకు ఇంత పట్టుదల ఉండేదా? చెప్పలేను.

మనం నవ్వుకోనక్కర్లేదు. 2024లో మన ఆంధ్రలోనే 13ఎ మీద గెజిటెడ్ అధికారి సంతకం ఉండి సీలు లేకపోతే ఏమిటన్న రగడ గుర్తుందా? సంతకం చాలంది ఎన్నికల సంఘం. వైఎస్సార్‌సీపీ హైకోర్టుకెళ్లింది. ఫలితాలయ్యాక ఎలక్షన్ పిటిషన్ వేసుకోండని జూన్ 1న హైకోర్టు చెప్పింది. జూన్ 3న సుప్రీంకోర్టూ జోక్యం చేసుకోలేదు. తెల్లారితే లెక్కింపు! ఉద్యోగుల ఓట్లు ఎటు పడ్డాయో రెండు పక్షాలకూ ఒక అంచనా ఉందిలెండి. ఒక్క తేడా ఏమిటంటే, సీలు వేయకపోవడం అధికారి తప్పు, తేదీ మరవడం మీవాడి తప్పు.

తీర్పు ఎటు తిరిగినా ఈసారి తేదీ వేయమనండి. నెల ముందు, రోజు తర్వాత, వాళ్ల పద్ధతిలో. మనవాళ్లకు చెయ్యి తిరిగిన పద్ధతి వేరు కదా. లోపలి కవరు మరిస్తే అది నేకెడ్ బ్యాలెట్, 2020 నుంచీ దాన్ని లెక్కించడం లేదు. అలా జరిగినా పోలింగ్ రోజు బూతుకెళ్లి ప్రొవిజనల్ బ్యాలెట్ (అర్హత తేల్చుకున్నాకే లెక్కించే తాత్కాలిక ఓటు) వేయవచ్చని 2024 అక్టోబరులో రాష్ట్ర సుప్రీంకోర్టు చెప్పింది. ఇంకొకటి, కవరు ఆ రోజు రాత్రి 8 లోపు కౌంటీ ఆఫీసుకు చేరాలి. పోస్టాఫీసు ముద్ర ముందు రోజుది ఉన్నా పనికిరాదు.