పద్మిని ముందు భాగం కుదుపు గురించి అల్లునికి ఉత్తరం

హనుమకొండ

చిరంజీవి అల్లునికి మామ ఆశీస్సులు.

ప్రీమియర్ పద్మిని కారు ముందు చక్రాలకు కాయిలోవర్లు (షాకప్ చుట్టూ స్ప్రింగు అమర్చిన, ఎత్తు మార్చుకోగల సెట్లు) వేయించినప్పటి నుంచి కాజీపేట వెళ్లి వచ్చేసరికే నడుము పట్టేస్తోందని, స్ప్రింగులు మార్చాలనుకుంటున్నావని రాశావు. వాటిని ఇప్పుడే కొనవద్దు. తప్పు స్ప్రింగుదో కాదో ముందు తేల్చుకోవాలి.

షాకప్ రాడ్‌కు సన్నని ప్లాస్టిక్ టై ఒకటి బిగించి, దానిని కిందికి ట్యూబు అంచు దాకా జరిపి, నువ్వు రోజూ తిరిగే దారిలోనే కారు నడిపి రా. టై వెళ్లి బంప్ స్టాప్‌కు, అంటే షాకప్ పూర్తిగా నొక్కుకుపోకుండా ఆపే రబ్బరు ముక్కకు, ఆనుకుని ఉంటే, నీ నడుముకు తగులుతున్నది స్ప్రింగు కాదు, ఆ రబ్బరు దెబ్బ. ఒకప్పుడు నేను ఇది చూడకుండానే ఒక పాత ఫియట్‌కు మెత్తని స్ప్రింగులు వేశాను. కారు ఇంకా కిందికి కూర్చుని కుదుపు రెట్టింపైంది. విప్పి చూస్తే బంప్ స్టాప్ అంచులు చిట్లి, నల్లని రబ్బరు పొడి రాడ్ చుట్టూ అంటుకుని ఉంది. ఆ ఇంటివాళ్లకు రెండుసార్లు ఖర్చు పెట్టించినందుకు ఇప్పటికీ బాధపడతాను.

అందం కోసం కారును బాగా దించి ఉంటావు. కారు నేల మీద నిలబడి ఉన్నప్పుడు రాడ్ మొత్తం కదలికలో సగమైనా పైకి నొక్కుకోవడానికి మిగలాలి. మిగలకపోతే స్ప్రింగు కింది రింగును పైకి తిప్పి కారును లేపు. రింగు బిగిస్తే స్ప్రింగు గట్టిపడుతుందని చాలామంది అంటారు కానీ, మామూలు స్ప్రింగుకు మారేది కారు ఎత్తే. ఎత్తు మార్చాక చక్రాల అలైన్‌మెంట్ తప్పకుండా చూపించు.

షాకప్ గట్టిదనాన్ని మార్చే నాబ్‌ను పూర్తిగా మెత్తని వైపుకు తిప్పి, అక్కడి నుంచి రెండేసి క్లిక్కులు పెంచుతూ నడిపి చూడు. స్ప్రింగు తిరిగి సాగడాన్ని షాకప్ మరీ గట్టిగా పట్టి ఉంచితే, అతుకులు వేసిన రోడ్డు మీద ఒక అతుకు దగ్గర పైకి లేచిన చక్రం కిందికి రాకముందే రెండో అతుకు వస్తుంది. అలా కారు మెల్లగా అణిగిపోయి మళ్లీ బంప్ స్టాప్ మీదికే చేరుతుంది. మీ ములుగు రోడ్డు వైపు వానల తరువాత సరిగ్గా ఇదే జరుగుతుంది.

చక్రాన్ని కారుకు కలిపే ఆర్మ్‌లకు, అవి కదిలే కీళ్ల దగ్గర రబ్బరు బుష్‌లు వేసి ఉంటే, వాటి బోల్టులను చక్రాలు గాలిలో వేలాడుతుండగా బిగించారేమో అడుగు. అలా బిగిస్తే కారు దించగానే రబ్బరు మెలితిరిగి తానే ఒక స్ప్రింగులా పనిచేస్తుంది. బోల్టులు వదులు చేసి, కారు బరువు చక్రాల మీద ఉండగా మళ్లీ బిగించాలి. జాకీ ఒక్కదాన్నే నమ్మి కిందికి దూరవద్దు నాయనా, స్టాండ్లు పెట్టు. టైర్లలో గాలి పొద్దున్నే, కారు తీయకముందే చూడు.

ఇవన్నీ సరిగా ఉండి, టై బంప్ స్టాప్‌కు చాలా దూరంలో ఆగిపోతే, అప్పుడు స్ప్రింగు గట్టిదని ఒప్పుకుంటాను. 6 కిలోల స్ప్రింగు అంటే మిల్లీమీటరు నొక్కడానికి 6 కిలోల బరువు కావాలి. కింది ఆర్మ్ పొడవులో, కారు వైపు కీలు నుంచి 60 శాతం దగ్గర షాకప్ కూర్చుంటే, 0.6ను 0.6తో గుణించగా వచ్చిన 0.36 వంతు, అంటే సుమారు 2.16 కిలోలే చక్రం దగ్గర తెలుస్తుంది. 5 కిలోలది వేస్తే అది 1.8 అవుతుంది. అందుకే దుకాణంవాడు చెప్పిన అంకె కాదు, నీ కారు ఆర్మ్ కొలత ముఖ్యం.

టై ఎక్కడ ఆగిందో, ఆర్మ్ మీద షాకప్ ఎంత దూరంలో ఉందో టేపుతో కొలిచి ఆదివారం ఫోన్ చెయ్యి.

నీ మామ