ఎన్నికల వేళ కెన్యాలో సేవకు వెళ్లేవారి సందేహాలు

ప్రశ్న: కిసుము దగ్గర ఒక ఆరోగ్య సేవా సంస్థలో రెండేళ్లు వాలంటీరుగా పనిచేయడానికి ఎంపికయ్యాను. 2027 ఎన్నికలు ఆ మధ్యలోనే వస్తాయి. పోలింగ్ రోజు బయటకు వెళ్లకుండా ఉంటే సరిపోతుందా?

జవాబు: సరిపోదండి. కెన్యాలో పోలింగ్ రోజు చాలావరకు ప్రశాంతంగానే గడిచిపోతుంది. ఉద్రిక్తత పెరిగేది ఆ తర్వాత, ఫలితం కోసం ఎదురుచూసే రోజుల్లో. 2007లో డిసెంబరు 27న పోలింగ్ జరిగితే, 30వ తేదీ సాయంత్రం ఫలితం ప్రకటించి, ఆ వెంటనే మ్వాయి కిబాకీతో అధ్యక్షుడిగా ప్రమాణం చేయించారు. అప్పుడు చెలరేగిన హింసలో 1,100 మందికి పైగా చనిపోయారు, లక్షల మంది ఇల్లూవాకిలీ వదిలి పారిపోయారు. ఐక్యరాజ్యసమితి మాజీ ప్రధాన కార్యదర్శి కోఫీ అన్నన్ మధ్యవర్తిత్వంతో 2008 ఫిబ్రవరి 28న ఒప్పందం కుదిరాక గానీ పరిస్థితి కుదుటపడలేదు.

తర్వాతి ఎన్నికల్లో మళ్లీ అంతటి ఘోరం జరగలేదు. అయినా సాగదీత మాత్రం తప్పలేదు. 2017లో ఆగస్టు 8న పోలింగ్, 11న ఫలితం. సెప్టెంబరు 1న సుప్రీంకోర్టు ఆ అధ్యక్ష ఎన్నికను రద్దు చేసింది. అక్టోబరు 26న మళ్లీ పోలింగ్ పెడితే, మీరు వెళ్తున్న కిసుముతో సహా పశ్చిమాన నాలుగు కౌంటీల్లో (మన జిల్లాల్లాంటివి) అది జరగనే లేదు. 2022లో ఆగస్టు 9న పోలింగ్, 15న ఫలితం, సెప్టెంబరు 5న కోర్టు తీర్పు, 13న ప్రమాణ స్వీకారం.

గడువులు చట్టంలోనే ఉన్నాయి. పోలింగ్ తర్వాత 7 రోజుల్లో ఫలితం ప్రకటించాలి. దాన్ని సవాలు చేసేవారు మరో 7 రోజుల్లో కోర్టుకెక్కాలి. అక్కడి నుంచి 14 రోజుల్లో తీర్పు రావాలి. అధ్యక్షుడిగా గెలవాలంటే సగానికి మించి ఓట్లతో పాటు, 47 కౌంటీల్లో కనీసం 24 చోట్ల పాతిక శాతం చొప్పున రావాలి. ఎవరికీ రాకపోతే 30 రోజుల్లో రెండో విడత. ఎన్నిక జరిగేది ఐదేళ్లకోసారి ఆగస్టు రెండో మంగళవారం కాబట్టి, ఈసారి తేదీ 2027 ఆగస్టు 10. ఆ రోజు నుంచి ఐదు వారాల పాటు ఊళ్లు తిరిగే పనులేవీ పెట్టుకోకండి. టీకాల శిబిరాలు, మందుల పంపిణీ జులై ఆఖరుకే ముగించండి. ఫలితం రోజు, తీర్పు రోజు, ప్రమాణం రోజు, ఈ మూడు రోజులూ గడప దాటకండి.

ప్రశ్న: ఇంట్లో ఏమేం నిల్వ పెట్టుకోవాలి? డబ్బు ఫోనులోనే ఉంటుంది కదా, చేతిలో నగదు అవసరమా?

జవాబు: ముందు నగదు సంగతి. ఫోనులో డబ్బు దాచుకుని పంపుకునే సేవ ఎం-పెసాకు ఇంటర్నెట్ అక్కర్లేదు, సిమ్ మెనూతో పనిచేస్తుంది. అందుకే అందరికీ దానిమీద అంత ధీమా. చిక్కు నెట్‌వర్క్‌తో కాదు, ఫోనులోని డబ్బుకు నోట్లిచ్చే వీధి చివర ఏజెంటుతో వస్తుంది. మీరు డబ్బు తీసుకోవాలంటే అతని గల్లాపెట్టెలో నోట్లు ఉండాలి. గొడవల భయంతో అందరూ ఒకేసారి తీసుకుంటారు, మధ్యాహ్నానికే గల్లా ఖాళీ అవుతుంది. బ్యాంకు మూసి ఉంటే అతనికీ నోట్లు రావు. లేదా అతనే షట్టర్ దించేసి వెళ్లిపోతాడు. కాబట్టి పది రోజుల ఖర్చుకు సరిపడా షిల్లింగులు పోలింగ్‌కు వారం ముందే తీసిపెట్టుకోండి. ఎక్కువ భాగం 50, 100, 200 నోట్లు ఉండాలి. ఆ రోజుల్లో వెయ్యి నోటుకు చిల్లర పుట్టదు.

నీళ్లు తాగడానికి మనిషికి రోజుకు 3 లీటర్లు, దానితో పాటు వంటకూ శుభ్రతకూ కలిపి మొత్తం 15 లీటర్లు చొప్పున లెక్కవేసుకోండి. పది రోజులకు మనిషికి 20 లీటర్ల జెర్రీక్యాన్లు ఎనిమిది కావాలి. నీళ్లు శుద్ధి చేయాల్సి వస్తే, 5-6 శాతం క్లోరిన్ ఉండే, వాసన కలపని బ్లీచ్ లీటరుకు రెండు చుక్కలు వేసి అరగంట ఆగాలి. నీళ్లు మురికిగా ఉంటే గుడ్డతో వడగట్టి, చుక్కలు రెట్టింపు చేయాలి.

వంట గ్యాసు రెండో సిలిండరు ఉండాలి. కరెంటు ప్రీపెయిడ్ మీటరైతే టోకెన్లు (20 అంకెల రీచార్జి కోడ్‌లు) ముందే కొని, ఆ అంకెలు మీటర్లో కొట్టేయండి. రోజూ వాడే మందులు నెలకు సరిపడా పెట్టుకోండి. కిసుము మలేరియా ప్రాంతం గనుక పరీక్ష కిట్లు, మాత్రలు, ఓఆర్ఎస్ పొట్లాలు తప్పనిసరి. వాహనంలో ఇంధనం సగం ట్యాంకుకు తగ్గనివ్వకండి. 2008లో రోడ్లు తెగిపోయినప్పుడు కెన్యా మీదుగా ఇంధనం తెచ్చుకునే ఉగాండాలో కూడా బంకులు ఖాళీ అయ్యాయి.

ప్రశ్న: మేం ఆహార పొట్లాలు పంచేచోటికి వార్డు అభ్యర్థి వచ్చి నిలబడతానంటున్నారు. కాదంటే ఊళ్లో పని సాగదేమోనని భయం. ఏం చేయాలి?

జవాబు: మొహమాటపడకండి, ఒప్పుకోకండి. ఒక్క ఫోటో చాలు, మీ సంస్థ ఆ పార్టీదని మిగతావాళ్లు తేల్చేస్తారు. తర్వాత మీ బండిని అడ్డగించేది వాళ్లే. "పోలింగ్ అయ్యేదాకా మా పంపిణీకి అభ్యర్థులెవరినీ పిలవడం లేదు" అని సంస్థ తరఫున రాతపూర్వకంగా ఒకే ఉత్తరం అన్ని పార్టీలవాళ్లకూ ఒకే రోజు పంపండి. అందరికీ ఒకే మాట వెళ్తే కోపం మీ ఒక్కరి మీదికి రాదు. లబ్ధిదారుల జాబితా ఎన్నికలకు ముందే ఖరారు చేసి, ఏ లెక్కన ఎంపిక చేశారో గోడమీద అంటించండి. సంచులపై ఏ బొమ్మా ఉండకూడదు. వాహనంలో సభలకు ఎవరినీ ఎక్కించుకోకండి.

బట్టల రంగు కూడా మాట్లాడుతుంది. పసుపు యూడీఏ పార్టీది, నారింజ ఓడీఎం పార్టీది. సభల్లో పంచే టీషర్టులు, టోపీలు ఊరికే వచ్చాయని వేసుకోకండి. విద్వేషపు వాట్సాప్ సందేశాలు ఎవరికీ పంపకండి. జాతి విద్వేషం రెచ్చగొడితే 2008 నాటి చట్టం ప్రకారం పది లక్షల షిల్లింగుల వరకు జరిమానా, మూడేళ్ల వరకు జైలు, లేదా రెండూ పడతాయి.

ఇంకో సంగతి చాలామందికి తట్టదు. ఇలాంటి వేళ మీకన్నా మీ స్థానిక సహోద్యోగికే ముప్పు ఎక్కువ. 2008లో రోడ్ల మీద అడ్డుకట్టలు వేసి, గుర్తింపు కార్డు చూసి ఏ తెగవారో తేల్చుకునేవారు. మీకు క్షేమమైన దారి మీ డ్రైవరుకు కాకపోవచ్చు. నలుగురిలో అతని తెగ ఏమిటని అడగవద్దు. "ఈ దారిలో వెళ్లడం మీకు ఇబ్బందా?" అని ఒంటరిగా అడగండి. ఇబ్బంది అంటే కారణం అడక్కుండా ప్రయాణం మానుకోండి.

ప్రశ్న: మా అమ్మాయి నైరోబీలో ఉంది. ఫోను కలవకపోతే మేమేం చేయాలి? అది ఇంటికి వచ్చేయాలనుకుంటే?

జవాబు: అమ్మా, ముందే ఒక వేళ అనుకోండి. అక్కడ రాత్రి 8 అయితే మనకు 10.30. రోజూ ఆ వేళకు ఒక్క ఎస్ఎంఎస్ చాలు. వాట్సాప్ మీదే ఆధారపడవద్దు, డేటా ఆగినా మామూలు కాల్, ఎస్ఎంఎస్ పనిచేసే అవకాశం ఉంటుంది. రెండు వేర్వేరు కంపెనీల సిమ్‌లు ఉంచుకోమనండి. వరుసగా రెండు రోజులు కబురు రాకపోతే ముందు ఆమె సంస్థకు, తర్వాత నైరోబీలోని భారత హైకమిషన్‌కు ఫోన్ చేయండి. అక్కడ చేరగానే హైకమిషన్‌లో పేరు నమోదు చేయించుకుంటే వెతకడం తేలిక. ప్రమాదంలో తను చేయాల్సిన నంబర్లు 999 లేదా 112, కెన్యా రెడ్‌క్రాస్‌కు 1199. ఇవి కాగితం మీద రాసి పాస్‌పోర్టులో పెట్టుకోమనండి.

వచ్చేయాలనుకుంటే పోలింగ్‌కు ముందో, ఫలితానికి ముందో బయలుదేరాలి. గొడవలు మొదలయ్యాక విమానాలు తిరుగుతున్నా విమానాశ్రయం దాకా వెళ్లడమే కష్టమవుతుంది. పసుపు జ్వరం టీకా పత్రం దగ్గర ఉందో లేదో ఇప్పుడే చూసుకోమనండి. కెన్యా నుంచి వచ్చేవారి దగ్గర అది లేకపోతే మన విమానాశ్రయాల్లో ఆరు రోజుల వరకు క్వారంటైన్‌లో ఉంచుతారు. టీకా వేసుకున్న పది రోజులకు గానీ ఆ పత్రం చెల్లదు. కాబట్టి చివరి నిమిషంలో వేయించుకుంటే లాభం లేదు.