పాత అమెరికన్ సాకెట్ సెట్టు: అమ్మినవాడి మాట ఎంతవరకు నిలుస్తుంది?

ప్రశ్న: లాయరు గారూ, మేం డల్లాస్ పక్కన ఇర్వింగ్‌లో ఉంటాం. కారుకు చిన్నాచితకా రిపేర్లు నేనే చేసుకుంటాను. మూడు నెలల కిందట ఫోర్ట్‌వర్త్‌లో పాత పనిముట్లు అమ్మే దుకాణంలో క్రాఫ్ట్స్‌మన్ సాకెట్ సెట్టు (నట్లు విప్పే గొట్టం లాంటి పానాలు) ఒకటి 260 డాలర్లకు కొన్నాను, క్రెడిట్ కార్డు మీద. దుకాణం వాళ్ల ప్రకటనలో ‘1950ల నాటి పూర్తి సెట్టు, అన్నీ అమెరికాలో తయారైనవే, అత్యుత్తమ నాణ్యత’ అని ఉంది. తీరా ఇంటికి తెచ్చి చూస్తే రెండు సాకెట్ల మీద తైవాన్ అని చెక్కి ఉంది. నాలుగైదింటి మీద అసలు ఏ దేశం పేరూ లేదు. సాకెట్లను తిప్పే పిడి, అదే రాచెట్, గట్టిగా బిగించబోతే జారుతోంది. ఇంపాక్ట్ గన్‌కు (దెబ్బల మీద దెబ్బలు కొట్టి నట్టు విప్పే యంత్రం) తగిలించి చక్రం నట్టు విప్పబోతే ఒక సాకెట్ నిలువునా చీలింది. అడిగితే, రసీదు మీద ‘ఉన్నది ఉన్నట్టుగా, వాపసు లేదు’ అని ముద్ర ఉంది కదా అంటున్నాడు. నా డబ్బు వస్తుందా? క్రాఫ్ట్స్‌మన్‌కు జీవితకాల వారంటీ అంటారు, అదైనా పనికొస్తుందా? ఫొటోలు జత చేస్తున్నాను. – ఒక పాఠకుడు

జవాబు: మీ కేసులో బలం ఉంది. కాకపోతే మీకు ఎక్కువ కోపం తెప్పించిన విషయాల్లో లేదు. జారే రాచెట్టు, చీలిన సాకెట్టు మిమ్మల్ని పెద్దగా ఆదుకోవు. ప్రకటనలోని మొదటి రెండు మాటలు ఆదుకుంటాయి.

‘1950ల నాటిది’, ‘అమెరికాలో తయారైంది’ అన్నవి నిజమో అబద్ధమో తేల్చగలిగే విషయాలు. సరుకును ఇలా వర్ణించి అమ్మితే ఆ వర్ణనే హామీ అవుతుందని టెక్సస్ బిజినెస్ అండ్ కామర్స్ కోడ్ 2.313 సెక్షన్ చెబుతోంది. ‘వారంటీ’ అనే మాట ఎక్కడా వాడనక్కర్లేదు, హామీ ఇవ్వాలన్న ఉద్దేశం అమ్మేవాడికి లేకపోయినా సరే. ‘అత్యుత్తమ నాణ్యత’ సంగతి వేరు. అది అమ్మేవాడు తన సరుకును తాను పొగుడుకోవడం, అదే సెక్షన్ దాన్ని లెక్కలోంచి తీసేస్తుంది. పాత అమెరికన్ సరుకు అనగానే నాణ్యత దానంతటదే వచ్చేస్తుందని మనవాళ్లు చాలామంది అనుకుంటారు. చట్టం అలా అనుకోదు, నేనూ అనుకోను. ఆ రోజుల్లోనూ చౌకరకాలు వచ్చాయి.

ఇక ఆ ముద్ర. ‘ఉన్నది ఉన్నట్టుగా’ అంటే 2.316 సెక్షన్ ప్రకారం, అమ్మేవాడు చెప్పకపోయినా ఉన్నట్టే చట్టం లెక్కించే హామీలన్నీ పోతాయి. వ్యాపారి అమ్మిన వస్తువు మామూలు వాడకానికి పనికిరావాలన్న హామీ కూడా వాటిలో ఒకటి. రాచెట్ జారుతోందన్న ఫిర్యాదు అక్కడే ఆగిపోతుంది. దుకాణంలో చేతిలోకి తీసుకుని తిప్పి చూసే అవకాశం మీకుంది, చూస్తే తెలిసే లోపానికి తర్వాత అడగలేరు. కానీ ఒక చేత్తో ‘అమెరికాలో తయారైంది’ అని రాసిచ్చి, ఇంకో చేత్తో ముద్ర కొట్టి దాన్ని చెరిపేయడం అంత తేలిక కాదు. రెండూ పొసగనప్పుడు చెరిపేసే మాటే చెల్లదని అదే సెక్షన్ అంటుంది. ఇక్కడ మీరు ఒకటి చూడాలి. రసీదు వెనక చిన్న అక్షరాల్లో ‘మన మధ్య ఒప్పందం మొత్తం ఇంతే’ లాంటి వాక్యం ఉందా? ఉంటే ప్రకటనను సాక్ష్యంగా తేవడానికి అతను అడ్డుపడతాడు. రసీదులో సరుకు పేరు దగ్గరే ‘1950లు, అమెరికా’ అని రాసి ఉంటే మాత్రం అతనికి ఆ దారి కూడా లేదు.

ఇప్పుడు మీ ఫొటోల సంగతి. రాచెట్ తల వెనక మధ్యలో గుండ్రటి బటన్ కనిపిస్తోంది కదా, నొక్కితే సాకెట్ ఊడొచ్చేది. 1950ల సెట్టులో ఆ బటన్ ఉండే వీల్లేదు. మసాచుసెట్స్‌లోని గార్డ్‌నర్‌లో క్రాఫ్ట్స్‌మన్ పనిముట్లు అమ్మిన సియర్స్ కంపెనీ దుకాణంలో గుమాస్తాగా పనిచేసిన పీటర్ రాబర్ట్స్ అనే కుర్రాడు కనిపెట్టిన ఏర్పాటు అది. అప్పుడతనికి 18 ఏళ్లు. పేటెంటుకు 1964లో దరఖాస్తు చేస్తే 1965లో వచ్చింది. దానికి పెద్ద గిరాకీ ఉండదన్నట్టు చెప్పి, గరిష్ఠంగా 10,000 డాలర్లకు సియర్స్ హక్కులు రాయించుకుంది. బటన్ రాచెట్లు లక్షల్లో అమ్ముడుపోయాక అతను మోసమని కోర్టుకెక్కాడు. 1977లో జ్యూరీ పది లక్షల డాలర్లు ఇప్పించింది, ఆ తర్వాత కూడా వ్యాజ్యం సాగి 1989లో 82 లక్షల డాలర్లతో రాజీ కుదిరింది. కొనేటప్పుడు చెప్పిన అబద్ధం ఎంత ఖరీదవుతుందో మా వృత్తిలో చెప్పుకునే కేసు ఇది. మీకు మాత్రం ఆ బటన్ తేదీ వేసిన కాగితంతో సమానం. ఒకవేళ సాకెట్లు నిజంగానే 1950లవి, రాచెట్ ఒక్కటే తర్వాత చేర్చింది అని అతను వాదించినా, ‘పూర్తి సెట్టు’ అన్న మాట అప్పటికే దెబ్బతింటుంది.

దేశం పేరు లేని సాకెట్ల గురించి కంగారు పడకండి, గొడవా పడకండి. 1930 నాటి టారిఫ్ చట్టం ప్రకారం దిగుమతి సరుకు మీద పుట్టిన దేశం పేరు ఉండాలి. దేశంలో చేసిన పనిముట్ల మీద ‘యూఎస్ఏ’ అని కొట్టాలన్న నిబంధన లేదు. అందుకే తయారీదారు గుర్తు తప్ప మరేమీ లేని అసలైన అమెరికన్ సాకెట్లు బోలెడు. సియర్స్ ఎన్నడూ సొంతంగా చేయలేదు, వేర్వేరు ఫ్యాక్టరీల చేత చేయించి క్రాఫ్ట్స్‌మన్ పేరు వేయించింది. ఏ ఫ్యాక్టరీదో తెలిపే చిన్న అక్షరాలు ఉంటాయి. మీ పెద్ద సాకెట్ల మీద అటూ ఇటూ గీతలతో కనిపించే ‘వి’ అక్షరం అలాంటిదే, సేకరణకారులు దాన్ని ఎక్కువగా మూర్ డ్రాప్ ఫోర్జింగ్ అనే కంపెనీ తయారీగా లెక్కిస్తారు. ‘వి’ ఉన్నవాటినీ లేనివాటినీ విడివిడిగా పేర్చి ఇంకో ఫొటో తీయండి. ‘క్రోమ్ వెనేడియం’ (ఉక్కు రకం పేరు) అన్న మాటను మాత్రం పట్టించుకోకండి, ఏ దేశంవాళ్లయినా కొడతారు. తైవాన్ అని ఉన్న రెండే మీకు అసలైన ఆయుధం. వాటి గురించి వాదన అక్కర్లేదు, భూతద్దం చాలు.

ఈ దేశంలో తయారీ ముద్రను ఆషామాషీగా తీసుకోరు. సరుకు మొత్తంగా, లేదా దాదాపు మొత్తంగా ఇక్కడిదైతేనే ‘అమెరికాలో తయారైంది’ అనాలని వ్యాపార మోసాలను చూసే కేంద్ర సంస్థ ఫెడరల్ ట్రేడ్ కమిషన్ నియమం. 2021 ఆగస్టు నుంచి లేబుళ్ల విషయంలో దాన్ని జరిమానాతో కూడిన నిబంధనగా మార్చారు. రాచెట్ల మీదే జరిమానా పడిన సందర్భం కూడా ఉంది: 2006లో పనిముట్ల కంపెనీ స్టాన్లీ వర్క్స్ 205,000 డాలర్లు కట్టి రాజీ చేసుకుంది. కాలిఫోర్నియా సుప్రీంకోర్టు 2011లో క్విక్‌సెట్ తాళాల కేసులో, తాళం బాగానే పనిచేస్తున్నా ముద్రను నమ్మి కొన్నవాడికి నష్టం జరిగినట్టేనంది. అది టెక్సస్‌ను కట్టడి చేసే తీర్పు కాదు. అయినా ‘తైవాన్ సాకెట్ కూడా నట్టు విప్పుతుంది కదా’ అని దుకాణదారు అడిగితే చెప్పాల్సిన జవాబు అదే. కమిషన్‌కు ఫిర్యాదు చేస్తే చేయండి, మీ 260 డాలర్లు వాళ్లు ఇప్పించరు.

చీలిన సాకెట్ గురించి దయచేసి దుకాణదారుకు పంపే ఉత్తరంలో రాయకండి. మెరిసే క్రోమ్ పూత సాకెట్లు చేతి పనికి చేసినవి. ఇంపాక్ట్ గన్‌కు మందపాటి గోడలున్న నల్లటి ఇంపాక్ట్ సాకెట్లు వేరే ఉంటాయి. క్రోమువి ఆ దెబ్బకు పగిలి ముక్కలు ఎగురుతాయి, మీ కంటికి తగల్లేదు, సంతోషించండి. ఆ మాట మీరే ఎత్తితే ‘వాడకం తెలియనివాడు’ అని అతను కేసు మొత్తాన్ని అటు తిప్పేస్తాడు. అయితే అడిగితే అబద్ధం చెప్పొద్దు.

చేయాల్సింది ముందుగా ఉత్తరం. లోపం తెలిశాక సహేతుకమైన గడువులో అమ్మినవాడికి తెలియజేయకపోతే హక్కే పోతుందని 2.607 సెక్షన్ అంటుంది, మీకు ఇప్పటికే మూడు నెలలు గడిచాయి. నోటిమాట సరిపోదనడం లేదు, కానీ రుజువు మిగలదు. ప్రకటన స్క్రీన్‌షాట్ ఇవాళే తీసి పెట్టుకోండి, రేపు ఉండకపోవచ్చు. వస్తువు ఎక్కడిదన్న విషయంలో మభ్యపెట్టడం మోసపూరిత వ్యాపార పద్ధతులను అరికట్టే టెక్సస్ డీటీపీఏ చట్టం పేరుపెట్టి నిషేధించిన పనుల్లో ఒకటి. ఆ చట్టం కింద దావా వేయాలంటే ఫిర్యాదేమిటో, నష్టం ఎన్ని డాలర్లో రాసి 60 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. తెలిసే చేశాడని రుజువైతే నష్టానికి మూడింతల దాకా ఇప్పించవచ్చు. ఆశపడి తొందరపడకండి. ‘ఉన్నది ఉన్నట్టుగా’ ఒప్పందాలకు టెక్సస్ సుప్రీంకోర్టు 1995లో ఒక భవనం అమ్మకం కేసులో బాగానే బలమిచ్చింది, అబద్ధంతో ఒప్పించిన చోట మాత్రం ఆ బలం ఉండదంది. పైగా ఆధారంలేని దావా అని తేలితే అవతలి లాయరు ఫీజు మీ నెత్తినే పడుతుంది.

నోటీసుకు దిగిరాకపోతే చిన్న దావాలు విచారించే జస్టిస్ కోర్టు ఉంది, 20,000 డాలర్ల దాకా అక్కడే తేలుతుంది, లాయరు అక్కర్లేదు. హామీ భంగానికి గడువు నాలుగేళ్లు, డీటీపీఏకు రెండేళ్లు. సెట్టు ఉంచుకుంటానంటే మీకు వచ్చేది, చెప్పినట్టు ఉంటే ఎంత విలువ చేసేదో ఇప్పుడెంత చేస్తుందో ఆ తేడా మాత్రమే. ఇంకో పాత పనిముట్ల వ్యాపారి చేత ఆ రెండు ధరలూ కాగితం మీద రాయించుకోండి. కార్డు బాకీ ఇంకా తీర్చకుండా ఉంటే ఇంకో దారి కూడా ఉంది. అమ్మినవాడితో ముందు తేల్చుకోవడానికి ప్రయత్నించి ఉంటే, 50 డాలర్లు దాటిన, సొంత రాష్ట్రంలోనే జరిగిన కొనుగోలుకు, ఇంకా కట్టని మొత్తం మేరకు బ్యాంకు ముందు అదే అభ్యంతరం పెట్టవచ్చు. కట్టేసిన డబ్బుకు అది వర్తించదు.

వారంటీ అన్నది దుకాణదారు హామీ కాదు, కంపెనీది. క్రాఫ్ట్స్‌మన్ 2017లో సియర్స్ చేతుల్లోంచి స్టాన్లీ బ్లాక్ అండ్ డెకర్‌కు వెళ్లింది. పాత చేతి పనిముట్లను ఏ షరతు మీద మారుస్తారో ఇప్పటి వారంటీ కాగితంలో చదవండి. మార్చినా ఇచ్చేది ఇప్పటి సరుకే, 1960ల రాచెట్‌కు అలాంటిదే ఇవ్వాలని ఏ వారంటీ చెప్పదు. కాబట్టి రాచెట్‌ను గానీ తైవాన్ సాకెట్లను గానీ కౌంటర్ మీద పెట్టేయకండి. వ్యవహారం తేలేదాకా అవి మీ సాక్ష్యాలు, పెట్టెతో సహా పక్కన పెట్టి వాడకం ఆపండి.