వెనుక చక్రాలు కూడా పక్కకు తిరిగే కారుకు అదనంగా డబ్బు పెట్టవచ్చా?

హైదరాబాదు

చిరంజీవి చిన్నాకు పెదనాన్న ఆశీస్సులు.

నీవు చూసి వచ్చిన పెద్ద ఎస్‌యూవీకి ఫోర్ వీల్ స్టీరింగ్ కావాలంటే ఇంకొన్ని లక్షలు కట్టాలని షోరూం వారు అన్నారనీ, ఏ సంగతో త్వరగా తేల్చమని తొందరపెడుతున్నారనీ మీ నాన్న చెప్పాడు. ఇలాంటి విషయాలు ఫోనులో మాట్లాడుకుంటే సగం చెవిన పడవు కనుక ఉత్తరం రాస్తున్నాను. ఆర్టీసీ వర్క్‌షాపులో ఉద్యోగమంతా స్టీరింగులతోనూ యాక్సిళ్ళతోనూ గడిపినవాణ్ణి కాబట్టి నా అభిప్రాయం ముందే చెప్పి, కారణాలు తరువాత రాస్తాను. కారు వీల్‌బేస్, అంటే ముందు చక్రాలకూ వెనుక చక్రాలకూ మధ్య దూరం, 3 మీటర్లకు అటూ ఇటూగా ఉండి, నీవు రోజూ బండి పెట్టే చోట ఒక్క తిప్పులో మలుపు తిరగక ముందుకూ వెనక్కూ ఆడించవలసి వస్తుంటే తీసుకో. ఈ రెండింటిలో ఏ ఒక్కటి లేకపోయినా ఆ డబ్బు మిగుల్చుకో.

మొదట ఒక మాట. ఫోర్ వీల్ డ్రైవ్ వేరు, ఫోర్ వీల్ స్టీరింగ్ వేరు. మొదటిది నాలుగు చక్రాలకూ ఇంజను బలాన్ని పంపుతుంది, రెండవది వెనుక చక్రాలను కూడా కొద్దిగా పక్కకు తిప్పుతుంది. షోరూములో నీకు చెప్పినవారు ఈ రెండింటినీ కలిపి మాట్లాడి ఉంటే ఆశ్చర్యపోను. వారు చూపిన ధర ఈ రెండింటిలో దేనికో కాగితం మీద రాయించుకో.

ఇది పనిచేసే తీరు కష్టమైనదేమీ కాదు. నెమ్మదిగా వెళ్ళేటప్పుడు వెనుక చక్రాలు ముందు చక్రాలకు ఎదురు దిక్కున తిరుగుతాయి, దానితో పొడవైన కారు పొట్టి కారులాగా మలుపు తిరుగుతుంది. వేగం పెరిగాక అవే చక్రాలు ముందు చక్రాలు తిరిగిన దిక్కుకే కొద్దిగా తిరుగుతాయి, దానితో కారు తోక ఊపకుండా నిలకడగా లేన్ మారుతుంది. ఈ మార్పు గంటకు ఎన్ని కిలోమీటర్ల దగ్గర జరుగుతుందనేది కంపెనీని బట్టి మారుతుంది. మెర్సిడెస్ కార్లలో సుమారు 60 దగ్గర జరుగుతుంది. ఆలోచన కొత్తది కాదు. 1987లో హోండా తన ప్రెల్యూడ్ కారులో ముందు స్టీరింగు నుంచి వెనుకకు ఒక షాఫ్టు వేసి, ఎలక్ట్రానిక్స్ ఏమీ లేకుండానే దీనిని సాధించింది. అందులో వేగంతో సంబంధం లేదు: స్టీరింగును కొద్దిగా తిప్పితే వెనుక చక్రాలు అదే దిక్కుకూ, బాగా తిప్పితే ఎదురు దిక్కుకూ మళ్ళేవి. పనితనంలో అది నాకు ఇప్పటికీ ముచ్చట గొలుపుతుంది. అమెరికాలో జనరల్ మోటార్స్ 2002లో తన పెద్ద పికప్ ట్రక్కులకు వెనుక చక్రాలను 12 డిగ్రీల దాకా తిప్పే క్వాడ్రాస్టీర్‌ను అమ్మకానికి పెట్టింది. బండి తిరిగే చోటు దాదాపు ఐదో వంతు తగ్గినా, కొనేవారు చాలినంతమంది రాక 2005తో దానిని ఆపేసింది. వస్తువు బాగుండటం ఒకటి, దానికి డబ్బు పెట్టడానికి జనం సిద్ధపడటం ఇంకొకటి.

ఇప్పుడు లెక్కకు వస్తాను. నీవు ఇంజనీరింగు చదివినవాడివి కనుక ఇది నీకు తేలిక. ముందు చక్రాలు పూర్తిగా తిరిగినప్పుడు సగటున 35 డిగ్రీలు అనుకుందాం. దాని ట్యాంజెంటు 0.70. వెనుక చక్రాలు ఎదురు దిక్కుకు 3 డిగ్రీలు తిరిగితే దానికి 0.05 కలుస్తుంది, 5 డిగ్రీలైతే 0.09, 10 డిగ్రీలైతే 0.18. మలుపు వ్యాసార్ధం ఈ మొత్తానికి విలోమంగా మారుతుంది కనుక 3 డిగ్రీలకు తగ్గేది సుమారు 7 శాతం, 5 డిగ్రీలకు 11 శాతం, 10 డిగ్రీలకు 20 శాతం. అంటే ఫోర్ వీల్ స్టీరింగ్ ఉందా లేదా అని అడిగితే సరిపోదు, ఎన్ని డిగ్రీలు అని అడగాలి. రెండు మూడు డిగ్రీలు మాత్రమే తిరిగేది హైవే నిలకడ కోసం పెట్టినది. సెల్లార్‌లో దాని మేలు నీకు అంతగా తెలియదు. పది డిగ్రీలు తిరిగేది మాత్రం కొత్తగా నడిపేవారు కూడా మొదటి మలుపులోనే గుర్తించేంత తేడా చూపుతుంది.

ఈ తేడాకు కంపెనీ ఎంత విలువ కడుతుందో తెలిపే ఉదాహరణ ఒకటి ఉంది. మెర్సిడెస్ ఈక్యూఎస్ అనే విద్యుత్ కారును జర్మనీలో తెచ్చినప్పుడు వెనుక చక్రాలు 4.5 డిగ్రీలు తిరిగేలా ఇచ్చి, 10 డిగ్రీలు కావాలంటే ఏడాదికి 489 యూరోల చందా అడిగింది. చక్రాన్ని తిప్పే మోటారు కారులో ముందే ఉంది, చందా కడితే సాఫ్ట్‌వేర్ దానికి అడ్డు తీస్తుందన్నమాట. నీకు చెప్పిన ధరలో ఎంత భాగం సామానుకు, ఎంత భాగం అనుమతికి అనే ప్రశ్న నీవు కూడా వేయవచ్చు. సమాధానం రాకపోయినా, బేరానికి పనికొస్తుంది.

బ్రోషర్లలోని అంకెలను చదివేటప్పుడు జాగ్రత్తగా ఉండు. మన దేశంలో కార్లు చేసే కంపెనీలు సాధారణంగా టర్నింగ్ రేడియస్ (మలుపు వ్యాసార్ధం) చెబుతాయి, యూరప్ వారు మొత్తం వృత్తం వ్యాసం చెబుతారు. స్విఫ్టుకు 4.8 మీటర్లు, క్రెటాకు 5.3, ఇన్నోవా క్రిస్టాకు 5.4, ఫార్చ్యూనర్‌కు 5.8 అని ఉండేవన్నీ వ్యాసార్ధాలు. మూడు మీటర్లకు మించిన వీల్‌బేస్ గల మెర్సిడెస్ ఎస్ క్లాసుకు, వెనుక చక్రాలు 10 డిగ్రీలు తిరిగితే, 11 మీటర్లలోపు అని చెప్పేది వ్యాసం. సగం చేస్తే ఐదున్నర లోపు, అంటే రమారమి క్రిస్టా అంత. అంత పొడవైన కారుకు అది నిజంగా మెచ్చుకోదగిన పనే. అయితే ఆ అంకెలలోనే ఇంకొక సంగతి కూడా ఉంది. క్రిస్టా, ఫార్చ్యూనర్‌ల వీల్‌బేస్‌ల మధ్య తేడా 5 మిల్లీమీటర్లే, అయినా మలుపు వ్యాసార్ధంలో 40 సెంటీమీటర్ల తేడా వచ్చింది. ముందు చక్రాలు ఎంత తిరగగలవు, టైర్లు ఎంత వెడల్పు, చక్రాల మధ్య దూరం ఎంత అనేవి కూడా లెక్కలోకి వస్తాయి. కాబట్టి వెనుక చక్రాలు తిరగని కార్లలోనే కొన్ని బాగా తిరుగుతాయి. అదనపు డబ్బు పెట్టే ముందు అలాంటి కారు నీ అవసరానికి సరిపోతుందేమో చూడు.

మన నగరంలో యూటర్నుల సంగతి నీకు తెలియనిది కాదు. కూడళ్ళను మూసి, అర కిలోమీటరు ముందుకు పంపి తిప్పి తెచ్చే పద్ధతి వచ్చాక పెద్ద కారు నడిపేవారికి రోజూ ఇది పరీక్షే. అవతలి వైపు రెండు లేన్లు ఉంటే సుమారు 7 మీటర్లు, డివైడర్ ఒక మీటరు, నీ వైపు లేన్ మూడున్నర మీటర్లు, మొత్తం పదకొండున్నర. ఫార్చ్యూనర్ వృత్తం 11.6, క్రెటాది 10.6, ఒకటి ఆగి వెనక్కి తీయాలి, ఇంకొకటి ఒక్క తిప్పులో పోతుంది. లెక్క ప్రకారం ఫోర్ వీల్ స్టీరింగ్ ఇక్కడ నెగ్గాలి. కానీ ఆ అవతలి ఎడమ లేన్‌లో రెండు ఆటోలు, ఒక మిర్చి బండి నిలబడి ఉంటే నీ లెక్కలోంచి రెండు మీటర్లు పోతాయి, అప్పుడు వెనుక చక్రాలు 10 డిగ్రీలు తిరిగే ఎస్ క్లాసు కూడా వెనక్కి తీయవలసిందే. అవతల మూడు లేన్లు ఉన్న చోట మామూలు కారు కూడా తిరిగిపోతుంది. మధ్యలో ఉన్న ఆ కొన్ని చోట్ల కోసమే నీవు డబ్బు పెడుతున్నావు. నీ దారిలో అలాంటివి ఎన్ని ఉన్నాయో నీకే తెలియాలి.

అసలు మేలు కనిపించేది సెల్లార్‌లో. ర్యాంపు దిగగానే పిల్లరు, పిల్లరు చుట్టూ తిరగగానే పక్క ఫ్లాటు వారి కారు, ఆ వెనుక మనకు కేటాయించిన చోటు. మన అపార్టుమెంట్లలో సగం ఇలాగే ఉంటాయి. ఇక్కడ రెండు విషయాలు గుర్తుంచుకో. బ్రోషరులో చెప్పే వృత్తం సాధారణంగా చక్రాలు నేల మీద గీసే వృత్తం, బంపరు మూల అంతకన్నా బయటికి తిరుగుతుంది, గోడకు తగిలేది ఆ మూలే. రెండవది కారు వెడల్పు. వెనుక చక్రాలు ఎంత తిరిగినా అది ఒక్క సెంటీమీటరు తగ్గదు. బేగం బజారు సందులలోనూ పాతబస్తీ గల్లీలలోనూ కారును ఆపేది దాని వెడల్పే, అక్కడ ఈ సౌకర్యం నీకు సహాయపడదు.

ఇంకొక చిక్కు గురించి షోరూములో ఎవరూ చెప్పరు. వెనుక చక్రాలు ఎదురు దిక్కున తిరిగినప్పుడు కారు తోక మలుపుకు బయటి వైపుకు తన్నుకుంటుంది. వెనుక భాగం పొడవుగా ఉన్న బస్సుకు ఈ గుణం సహజంగానే ఉంటుంది, అందుకే గోడ పక్కన ఆపిన బస్సును తీసేటప్పుడు మొదట కాస్త తిన్నగా ముందుకు పోనిచ్చి ఆ తరువాతే స్టీరింగు తిప్పమని డ్రైవర్లకు నేర్పుతారు. ఈ కారుతో నీవు కూడా అదే అలవాటు చేసుకోవాలి. గోడకు జానెడు దూరంలో ఆపి, కదలకముందే స్టీరింగు పూర్తిగా తిప్పి బయలుదేరితే వెనుక మూల గీసుకుపోతుంది, ఫుట్‌పాత్ పక్కనైతే వెనుక చక్రం అంచు రుద్దుకుంటుంది. ఇంట్లో కోడలు కూడా అదే కారు నడుపుతుంది కనుక ఈ సంగతి ఆమెకు కూడా ముందే చెప్పు; నేర్చుకోవడానికి కష్టమేమీ లేదు, తెలియకపోవడమే కష్టం.

ఔటర్ రింగ్ రోడ్డు మీద నిలకడ గురించి ఎక్కువ రాయను. అక్కడి పరిమితి 120 కిలోమీటర్లు, ఆ వేగంలో లేన్ మారితే వెనుక సీటులో కూర్చున్నవారికి ఊపు తక్కువగా తెలుస్తుంది, ఎత్తైన బండిలో ఇది హాయి. ఆ ఒక్క హాయి కోసం లక్షలు పెట్టవద్దని మాత్రం గట్టిగా చెబుతాను, మంచి టైర్లు సగం పని చేస్తాయి.

మెయింటెనెన్స్ మాటకు వస్తే, వెనుక యాక్సిల్ దగ్గర ఒక మోటారు, దానికి రాడ్లు, బాల్ జాయింట్లు, సెన్సర్లు కొత్తగా చేరతాయి. మామూలు కారులో వెనుక చక్రాలకు లేని అరుగుదల ఇక్కడ ఉంటుంది, వానాకాలం తరువాత మన రోడ్ల గుంతలు దానిని తొందరపెడతాయి. అలైన్‌మెంట్ చేయించాక స్టీరింగ్ సెన్సర్లను కంపెనీ పరికరంతో మళ్ళీ సరిచూడాలి, వీధి చివరి టైర్ల షాపులో అది సాధారణంగా కుదరదు. చాలా కార్లలో ఈ వ్యవస్థ చెడిపోతే వెనుక చక్రాలు తిన్నగా నిలిచిపోయి హెచ్చరిక దీపం వెలుగుతుంది, కారు నడుస్తూనే ఉంటుంది, భయపడనక్కరలేదు; కానీ వారంటీ ముగిశాక ఆ మోటారు మార్చవలసి వస్తే బిల్లు చిన్నది కాదు. 2020 అక్టోబరు వరదలలో నగరంలో ఎన్ని సెల్లార్లు మునిగాయో నీవు చూశావు. ఆ మోటారు ఉండేది నేలకు దగ్గరగానే. మీ సెల్లార్‌లో నీరు నిలిచే అలవాటు ఉంటే, నీటి వలన ఈ భాగం పాడైతే బీమా ఇస్తుందా లేదా అని పాలసీ తీసుకునే ముందే రాతపూర్వకంగా అడుగు.

ఇక చేయవలసిన పని. ఆదివారం ఉదయం టెస్ట్ డ్రైవ్‌కు కారును ఇంటికే తెమ్మను, షోరూం ముందున్న విశాలమైన రోడ్డు మీద నడిపి ఏమీ తేలదు. ర్యాంపు దిగి, నీ చోటులో పెట్టి, మళ్ళీ బయటికి తీయి. వీలైతే అదే మోడల్‌లో ఈ సౌకర్యం లేని కారును కూడా తెప్పించి అదే పని చెయ్యి. లేని కారు ఒక్కసారి వెనక్కి తీస్తే సరిపోతుంటే వద్దని చెప్పి, ఆ డబ్బులో కొంత పెట్టి కారు చుట్టూ ఏముందో చూపే కెమెరాలు తీసుకో. పిల్లరు దగ్గర వాటి ఉపయోగం ఎక్కువ. మూడు నాలుగుసార్లు ఆడించవలసి వస్తే, వెనుక చక్రాలు కనీసం 5 డిగ్రీలు తిరిగేదైతే తీసుకో. నీవు చెప్పిన కారు వీల్‌బేస్ ఎంతో మీ నాన్నకు గుర్తులేదు, 2.8 మీటర్ల లోపైతే ఈ పరీక్ష కూడా అక్కరలేదు, వద్దని చెప్పెయ్యి.

ఒకవేళ మనసు మారి వాడిన కారు చూస్తే, నీవు స్టీరింగు అటూ ఇటూ పూర్తిగా తిప్పుతుండగా ఇంకొకరిని వెనుక నిలబెట్టి రెండు చక్రాలూ సమంగా కదులుతున్నాయా, చప్పుడు ఏమైనా ఉందా చూడమను. వెనుక టైర్ల లోపలి అంచులు అరిగి ఉంటే ఆ కారు వదిలెయ్యి. సెకండ్ హ్యాండ్ మార్కెట్‌లో ఈ సౌకర్యానికి విడిగా ధర పలకడం నేను చూడలేదు కనుక అమ్మేవాడు దాని పేరు చెప్పి ఎక్కువ అడిగితే ఒప్పుకోకు.

ఆదివారం కారు వచ్చే వేళ ముందే చెబితే నేనూ వస్తాను, వెనుక నిలబడి చక్రాలు చూడటానికి ఒక మనిషి కావాలి కదా.

ఇట్లు,
పెదనాన్న