అబద్ధాన్ని కళ్లకు కట్టి చూపిస్తే మోసం కాదా?

ప్రశ్న: మొన్న ఇంటిల్లిపాదీ కూర్చుని ‘పోతురాజు’ చూశాం. జైల్లో పశుపతి చెబుతుంటే కమల్‌హాసన్ పరమ దుర్మార్గుడు. తర్వాత కమల్‌హాసనే చెప్పేసరికి కథంతా తిరగబడింది. “నోటితో అబద్ధం చెబితే సరే, బొమ్మ వేసి మరీ చూపిస్తారా? ఇది మోసం” అని మా అబ్బాయి గొడవ. వాడన్నది నిజమేనా?
— ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: మీ అబ్బాయిని ఏమీ అనకండమ్మా. వాడి వయసులో నాకూ అదే కోపం వచ్చింది, ‘రషోమాన్’ మీద. 1950లో జపాన్‌లో అకిరా కురొసావా తీసిన సినిమా. కాలేజీ రోజుల్లో ఫిల్మ్ సొసైటీ వాళ్లు తెర కట్టి వేశారు. అడవిలో ఒక సమురాయ్, అంటే జపాన్ కత్తివీరుడు, చచ్చిపోతాడు. ఎలా చచ్చాడో గజదొంగ ఒకలా, సమురాయ్ భార్య ఒకలా, పూనకం వచ్చిన మనిషి నోట చచ్చినవాడే ఇంకోలా చెబుతారు. చివర్లో కట్టెలు కొట్టేవాడిది నాలుగో మాట. లైట్లు వెయ్యగానే “ఇంతకీ ఎవడు చంపాడు?” అని అరిచినవాళ్లలో నేనూ ఉన్నాను.

రెండోసారి చూసినప్పుడు గానీ అసలు సంగతి తట్టలేదు. బోనెక్కినవాడు ఎవడైనా “నేను కాదు బాబోయ్” అంటాడు. ఇక్కడ ముగ్గురూ ఇంచుమించు “నేనే” అంటారు. దొంగ కత్తియుద్ధంలో చంపానంటాడు. ఆమె చేతిలో బాకుతోనే స్పృహ తప్పానని, లేచేసరికి అది భర్త గుండెల్లో ఉందని అంటుంది. భర్తేమో తనే పొడుచుకున్నానంటాడు. అన్నీ పరువు కోసం ఆడిన అబద్ధాలే. దొంగ చెప్పేటప్పుడు ఆ యుద్ధం చూడాలి, మన జానపద సినిమాలు చాలవు. 23 సార్లు కత్తులు కలిపాం, 20 దాటి నా ముందు నిలిచినవాడు లేడు అంటాడు. కట్టెలవాడి మాటలో అదే ఇద్దరూ వణుకుతూ, రొప్పుతూ, పడుతూ లేస్తూ కొట్టుకుంటారు. నటులు వాళ్లే, అడవీ అదే.

మా నాన్న పశువుల కొట్టంలో నాగుపామును చంపిన కథ ఇలాంటిదే. ఆయన చెబితే పడగ ఆయన నడుమెత్తు లేచేది. అమ్మ చెబితే ఆయన నులకమంచం ఎక్కి నిలబడ్డారు, పామును కొట్టింది మా పాలేరు. చిన్నప్పుడు నాకు రెండూ బొమ్మ కట్టినట్టు కనబడేవి. అందులో నన్ను ఎవరూ మోసం చెయ్యలేదు, చెప్పేది ఎవరో నాకు తెలుసు గనక.

సినిమాకీ నేను పెట్టుకున్న షరతు అదొక్కటే. ‘రషోమాన్’లో న్యాయాధికారి కనబడడు, గొంతైనా వినబడదు. సాక్షులు మనకేసి తిరిగి చెబుతారు, ఆయన పీట మీద మనల్ని కూర్చోబెట్టినట్టు. ‘పోతురాజు’లో డాక్యుమెంటరీ తీసే రోహిణికి చెబుతారు. చెప్పేవాడి మొహం ముందే చూపించారు, ఇక జాగ్రత్తగా వినడం మన పని. ఆ మొహం దాచిపెట్టి, చివరి రీల్లో “అదంతా ఉత్తిదే” అంటే మాత్రం నేను మీ అబ్బాయి పక్షం.

నాకు ‘పోతురాజు’తో ఉన్న పేచీ వేరు. రెండోసారి చెప్పేది హీరో కాబట్టి నోరు మూసుకుని నమ్మేస్తాం. కురొసావా ఆ వెసులుబాటు ఇవ్వడు. ఏ లాభమూ లేనివాడు కదా అని కట్టెలవాణ్ణి నమ్ముతుండగానే, మరి ఆ ఖరీదైన బాకు ఏమైందని పక్కన కూర్చుని కథ వింటున్నవాడు నిలదీస్తాడు. కాజేసింది కట్టెలవాడే. 1922లో జపాన్ రచయిత అకుతగావా రాసిన మూలకథలో కట్టెలవాడి ఈ నాలుగో మాట లేనే లేదు, సినిమాకే చేర్చారు.

అది చూశాక మా పాము కథ మళ్లీ గుర్తొచ్చింది. నాన్నది విన్నాం, అమ్మది విన్నాం. కర్ర పట్టుకున్న పాలేరును మాత్రం ఇంట్లో ఎవరమూ ఎప్పుడూ అడగలేదు.